భుజం మీద రెండుసార్లు

డిపో వెనక క్వార్టర్లు, రెండో అంతస్తు.
మార్చి 3, మంగళవారం.

మరదలికి, వదిన రాస్తున్నది.

ఈ రోజు అయిన పనులు: వంట, క్యారియరు కట్టి కిందికి అందించడం. బట్టలు రెండు విడతలు. దిండు గలీబులు నాలుగు. కిటికీ తుడిచే గుడ్డ మూడుసార్లు పిండాను, మూడుసార్లూ నీళ్లు నల్లగానే వచ్చాయి. మిగిలిన పని నీకు ఉత్తరం. అది ఇప్పుడు చేస్తున్నాను.

నవ్వుకో. పనుల చిట్టా లేకుండా వదిన దగ్గర్నుంచి ఉత్తరం వస్తే అది దొంగ ఉత్తరమని పోయినసారి నువ్వే అన్నావు. ఫోను చెయ్యొచ్చుగా అని కూడా అన్నావు. ఫోనులో చెప్పింది గాలికి పోతుంది, కాగితం మీద పెట్టింది ఉంటుంది. పైగా మీ అన్నయ్య సంగతి నీకు తెలియనిదా? నువ్వు ఫోను చేస్తే "ఆఁ, బాగున్నా, ఇదిగో మీ వదిన" అని నా చేతిలో పెట్టేసి వెళ్లిపోతారు. అమ్మాయి ఉద్యోగానికి వెళ్లి వేరే ఊళ్లో ఉంటోంది కదా, దాని ఫోనుకీ ఇదే మర్యాద.

అసలు సంగతి రాస్తాను. మన డిపోలో డీజిలు బస్సులన్నీ తీసేస్తున్నారు. వానలు మొదలయ్యేలోపు ఒక్కటీ మిగలదట. పొగ రాని బ్యాటరీ బస్సులు వస్తున్నాయి, ఇప్పటికే ఆరు వచ్చాయి. షెడ్డు వెనక గోడ పడగొట్టి ఛార్జింగు స్తంభాలు పాతారు. నువ్వూ మీ అన్నయ్యా చిన్నప్పుడు ఎక్కి కూర్చునే గోడే. డీజిలు పంపు మీద గోనెపట్టా కప్పారు. దాన్ని చూస్తే ఇంట్లో పెద్దవాళ్లెవరో ముసుగు తన్ని పడుకున్నట్టుంది.

నేను కాపురానికి వచ్చిన మొదటి ఉదయం గుర్తుందా? ఐదు కొట్టేసరికి కింద బస్సులన్నీ ఒక్కసారి స్టార్టు చేశారు. భూకంపమనుకుని బల్ల కిందికి దూరాను. నువ్వు గుమ్మంలో నిలబడి పొట్ట పట్టుకుని నవ్వావు. మామగారు మాత్రం వంగి, బల్ల కిందికి చూసి, "భయపడకమ్మా, అవి మనవే" అన్నారు. ఆ మాటతో ఈ ఇల్లు నాదైంది. ఇరవై ఆరేళ్లుగా ఆ మోతతోనే లేస్తున్నాను, ఆ మసే తుడుస్తున్నాను. ఇంట్లో గడియారం ఆగిపోయినా నాకు తెలిసేది కాదు. మొదటి బస్సుకి పాలు, ఎనిమిదో బస్సుకి పొయ్యి. పన్నెండూ ఇరవైకి మలుపులో మీ అన్నయ్య యాక్సిలేటరు రెండుసార్లు తొక్కి గుర్రు గుర్రుమనిపిస్తే క్యారియరు పట్టుకుని మెట్లు దిగడం. వంద బస్సుల్లో ఆయన బస్సు మోత నాకు తెలుస్తుంది. అది కొంచెం దగ్గుతుంది.

మీ అన్నయ్యకి నిన్నటి నుంచి కొత్త బస్సు మీద శిక్షణ. ఆరు వారాలు. చివర్లో డాక్టరు పరీక్ష ఉంటుందట, కళ్లు, చెవులు, రక్తపోటు అన్నీ చూస్తారట. ఇంకా ఎనిమిదేళ్ల సర్వీసు ఉంది. "ఈ చేతులకి స్టీరింగు తప్ప ఇంకేం పట్టుకోవాలో తెలీదు" అంటారు, నవ్వుతూనే. కానీ రెండు రోజులుగా మాట తగ్గించారు.

నీ కాలు ఎలా ఉంది? వాన మబ్బు వేస్తే లాగుతోందన్నావు. వేణ్ణీళ్ల కాపడం మానకు.

మీ వదిన


టైలరింగు షాపు పైన గది.
మార్చి 11, బుధవారం.

వదినకు,

నా చిట్టా కూడా రాస్తున్నా, నువ్వొక్కదానివే గొప్పా? జాకెట్లు పదకొండు, స్కూలు నిక్కర్లు ఆరు, ఒక పెద్దమనిషి కోటుకి అస్తరు. ఆయన పొట్ట పోయినేడు కొలతకి నాలుగంగుళాలు ముందుకెళ్లింది. "మీరే తప్పు కొలిచారమ్మా" అంటాడు.

కరెంటుకి మారడంలో అన్నయ్య నాకంటే పదేళ్లు వెనక అని చెప్పు. కాలు లాగుతోందని నా మిషనుకి అప్పుడే మోటారు పెట్టించుకున్నాను. మొదటి వారం ఏడుపొచ్చింది వదినా. ఎడమకాలు ఖాళీగా ఉండలేక నేల మీద తొక్కుతూనే ఉండేది. తర్వాత అలవాటైంది. అంతా అవుతుంది.

గోడ పడగొట్టారని రాశావు. ఆ గోడ మీద కూర్చుని, బస్సు లోపలికి రాకముందే ఏ నంబరో మోత విని చెప్పేవాళ్లం. అన్నయ్యే ఎప్పుడూ గెలిచేవాడు. ఏ బస్సుకి ఏ జబ్బో కూడా చెప్పేవాడు. నాన్న బస్సు ముందు సీట్లో నా చోటు ఎవరికీ ఇచ్చేవారు కాదు. డ్రైవరు వెనకాల కమ్మీ పక్కన. ఇంజను మూత మీద నాన్న తువ్వాలు ఆరేసేవారు, బడికి వెళ్లేలోపు ఆరిపోయేది. డీజిలు, వేడి ఇనుము, ఆ తడి తువ్వాలు కలిసిన వాసన. ఇప్పటికీ ఇస్త్రీపెట్టె వేడెక్కినప్పుడు ఒక్క క్షణం అదే వాసన తగిలినట్టుంటుంది. ఆ చోటు కోసం అన్నయ్యకి నా మీద కుళ్లు. నేను బస్సు ఆగకముందే దూకి కాలు పాడుచేసుకున్నాక ఆ చోటు ఎవరికీ లేకుండా పోయింది. వాడు నాకు "కప్ప" అని పేరు పెట్టిందీ అప్పుడే. ముప్పై అయిదేళ్లయినా ఆ పేరు వదల్లేదు మహానుభావుడు.

వదినా, ఒకటి అడుగుతా, ఏమీ అనుకోకు. అన్నయ్య ఫోను నీకు ఎప్పటి నుంచి ఇచ్చేస్తున్నాడు? టీవీ ఎంత గట్టిగా పెడతాడు? ఊరికే అడుగుతున్నా.

డాక్టరు పరీక్ష ఏ తేదీనో రాయి.

కప్ప


డిపో వెనక క్వార్టర్లు.
మార్చి 24, మంగళవారం.

మరదలికి,

పనులు: వంట, బట్టలు ఒక విడత, బియ్యం డబ్బా ఎండబెట్టడం. కిటికీ గుడ్డ రెండుసార్లు. ఇంకో లెక్క కూడా ఉంది, అది కింద రాస్తాను. నువ్వు ఊరికే అడగలేదని నాకు తెలుసు.

నిన్న మీ అన్నయ్య మొదటిసారి కొత్త బస్సుని రోడ్డు మీదికి తెచ్చారు. బయటివాళ్లెవరూ లేరు, పక్కన శిక్షకుడు, వెనక డిపోవాళ్లు పదిహేను మంది. మన దారిలోనే. నేను క్యారియరు కట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. పన్నెండూ ఇరవై అయింది, ముప్పై అయింది. ఒంటిగంటకి ఆయనే మెట్లెక్కి వచ్చారు.

"ఏమే, కిందికి దిగలేదేం?"

"బస్సు వస్తే కదా దిగడానికి."

"రాకపోవడమేంటి! మలుపులో రెండుసార్లు తొక్కానుగా, వినబడలేదా?"

"దానికి మోతే లేదటగా, ఏం వినబడుతుంది?"

"ఎవరు చెప్పారు? సన్నగా గుయ్యిమంటూనే ఉంది. ఊరందరికీ చెవులు పోయాయి."

ఆయన వెనకాలే పొడుగు కండక్టరు. పంతొమ్మిదేళ్లుగా మీ అన్నయ్య బస్సులోనే టిక్కెట్లు కొట్టిన మనిషి. నడుం పట్టుకుని ఎక్కుతున్నాడు.

"వదినగారూ, ఈ బస్సుని అలా తొక్కకూడదండీ. తొక్కితే మోగదు, ఎగురుతుంది. రెండు తొక్కులకి పదిహేను మందిమీ ఒకరి ఒళ్లో ఒకరం పడ్డాం. జీతాల గుమస్తా వచ్చి నా మెడకి వేలాడాడు. ఇరవై ఏళ్లలో ఆయన నాకంత దగ్గరగా రావడం ఇదే."

ముగ్గురం నవ్వుకున్నాం. గిన్నెలు తోముతుంటే నా నవ్వు ఆగిపోయింది. సన్నగా గుయ్యిమంటోందా? మిగతా పదిహేను మందికీ వినబడనిది ఈయనకి ఎలా వినబడింది? వెళ్లి అడిగాను, "ఇప్పుడు కూడా వినబడుతోందా ఆ గుయ్యి?" అని. "ఎప్పుడూ ఉండేదేగా, డిపో పక్కన కాపురం పెట్టుకుని" అన్నారు, పేపరు దించకుండా. కిటికీలోంచి చూశాను. డిపోలో ఒక్క ఇంజను ఆడట్లేదు. పిచ్చుక అరుపు వినబడుతోంది.

నేను అనుమానంతో ఊరుకునే దాన్ని కాను, లెక్క చూసుకోవాలి. ఈ రోజు పొద్దున ఆయన వీపు ఇటు తిప్పి కూర్చున్నప్పుడు చూసిన లెక్క ఇది. రెండడుగుల నుంచి పిలిచాను, పలికారు. ఆరడుగుల నుంచి పిలిచాను, పలకలేదు. చెంచా పడేశాను, తిరగలేదు. గిన్నె మూత పడేశాను, ఆయన తిరగలేదు కానీ పక్కింటావిడ "ఏమైందండీ" అని వచ్చింది. చివరికి పెద్ద గిన్నె పడేశాను. తిరిగారు. "నేల అదిరింది, ఏం పడేశావు?" అన్నారు.

అదిరిందన్నారు మరదలా. మోగిందనలేదు.

ఎన్నేళ్లుగా నా పెదాలు చూసి మాట్లాడుతున్నారో! ఎదురుగా నిలబడి చెప్పే అలవాటు నాకెప్పుడొచ్చిందో నాకే తెలీదు. ఇద్దరం కలిసి మోస్తున్న మూటలా ఉంది, ఎత్తేటప్పుడు ఎవరూ చూడలేదు.

ఇంకా ఉంది. సాయంత్రం మేడ మీద దుప్పట్లు తీస్తున్నాను. అటువైపు ఆయనా పొడుగు కండక్టరూ. దుప్పటి చాటు నుంచి నేను వాళ్లకి కనబడలేదు. కండక్టరు చేతులు వెనక్కి పెట్టుకుని, ఒక్కోసారి ముందుకు తెచ్చి వేళ్లు చూపిస్తున్నాడు. ఈయన "ఏడు... మూడు... తొమ్మిది" అంటున్నారు. చిన్నపిల్లల ఆటేమో అనుకున్నాను. తర్వాత వెలిగింది. డాక్టరు పరీక్షలో వెనక నిలబడి అంకెలు మెల్లగా చెప్తారట, వీళ్లు తిరిగి చెప్పాలి. కండక్టరు తోడు వచ్చిన మనిషిలా ఎదురుగా నిలబడి వేళ్లు చూపిస్తాడు.

పరీక్ష ఏప్రిల్ 9న.

నేను చూసినట్టు చెప్పలేదు. చెప్తే ఆయన చేతుల్లోంచి స్టీరింగు నేను లాక్కున్నట్టు. చెప్పకపోతే, కొత్త బస్సులో కండక్టరు ఉండడు. ఇన్నేళ్లూ బస్సు నేల మీద కాలితో కొట్టి ఆపమనో, పొమ్మనో చెప్పిన మనిషి టిక్కెట్ల కౌంటరులో కూర్చుంటాడు. అరిచేవాళ్లు వెనక అరుస్తారు, ఈయనకి మాత్రం గుయ్యిమంటూనే ఉంటుంది. మన వీధి మలుపులో బడిపిల్లలు ఎలా దాటుతారో నీకు తెలుసు.

నువ్వు ఆయన తోడబుట్టిన దానివి. ఏం చెయ్యమంటావు?

మీ వదిన


టైలరింగు షాపు పైన గది.
మార్చి 29, ఆదివారం.

వదినకు,

ఈ రోజు చిట్టా లేదు. షాపు తియ్యలేదు. పొద్దుట్నుంచి ఈ ఉత్తరమే రాస్తున్నా. మూడు చించాను.

నేను దూకలేదు వదినా.

నాన్నకీ వినబడేది కాదు. పాత బస్సుల్లో ఇంజను డ్రైవరు మోకాలి పక్కనే. ఇరవై ఏళ్లు దాని పక్కన కూర్చుంటే చెవులు ఏం మిగులుతాయి? ముందుగా కనిపెట్టింది నేనే. నాకు పదకొండేళ్లు. కండక్టరు తాడు లాగి ఒక గంట కొడితే ఆగమని, రెండు కొడితే పొమ్మని. ఒకరోజు రెండు కొట్టినా నాన్న కదల్లేదు. "ఏంటయ్యా నిద్రా?" అని ఎవరో అరిచారు. నేను కమ్మీలోంచి చెయ్యి పెట్టి ఆయన భుజం మీద రెండుసార్లు తట్టాను. బస్సు కదిలింది. నాన్న అద్దంలోంచి నన్ను చూశారు. మేమిద్దరం ఆ విషయం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. మర్నాటి నుంచి ఆ సీటు నాది. ఒక గంటకి ఒక తట్టు, రెండు గంటలకి రెండు. మిగతా ట్రిప్పుల్లో నాన్న బస్సులోని బొజ్జ కండక్టరు సీటు వెనక రేకు మీద చరిచేవాడు.

ఏడాది అలా నడిచింది. నాకెంత గర్వంగా ఉండేదో చెప్పలేను. అంత పెద్ద బస్సు నా రెండు వేళ్ల మీద నడిచేది.

ఆ రోజు మా బడి స్టాపులో కండక్టరు కిందికి దిగి ఎవరో ముసలాయనకి మూట అందిస్తున్నాడు. నేను లేచి తలుపు దగ్గరికి వెళ్లాను. కండక్టరు కింద నుంచే తాడు అందుకుని ఒక గంట కొట్టాడు, ఇంకా ఆగమని. ఆ మూట బస్సుకి కొట్టుకుంటే బస్సు కొంచెం ఊగింది. నాన్న ఆ ఊపుని తట్టు అనుకున్నారో, తలుపు మూశారనుకున్నారో, నాకు ఇప్పటికీ తెలీదు. బస్సు కదిపారు. తట్టాల్సిన దాన్ని నేను మెట్టు మీద ఉన్నాను.

ఆసుపత్రికి డిపో ఆఫీసరు వచ్చి, కాగితం పెట్టుకుని అడిగాడు. నాన్న గోడకి ఆనుకుని నిలబడ్డారు. "బస్సు ఆగకముందే దూకాను" అన్నాను. ఎవరూ నేర్పలేదు. ఉద్యోగం పోతే క్వార్టరు పోతుందని, గోడ పోతుందని, అన్నయ్య చదువు పోతుందని నాకు తెలుసు. నాన్న నోరు తెరిచారు. ఆయన నిజం చెప్పేస్తారేమోనని గట్టిగా ఏడ్చాను. అందరూ నొప్పి అనుకున్నారు.

అన్నయ్య నెల రోజులు నాతో మాట్లాడలేదు. "నీ దూకుడుకి నాన్నకి మెమో వచ్చింది" అన్నాడు. ఆ మాట పడ్డాను. నాన్న పోయేదాకా ప్రతి సాయంత్రం నా పాదం ఒళ్లో పెట్టుకుని నూనె రాసేవారు. ఈ మిషను ఆయన కొనిచ్చిందే. అది బహుమతి అని నేనూ అనుకోలేదు, ఆయనా అనుకోలేదు.

ఆయన మీద నాకు కోపం లేదు. వచ్చేది, పోయేది. ఒక్కటే బాధ. నాన్న ఇంకో మూడేళ్లు నడిపారు. ఆ మూడేళ్లూ ఐదింటికి బస్సులు స్టార్టయితే అందరూ లేచేవాళ్లు, నేను మాత్రం పడుకునే వణికేదాన్ని. ఇవాళ ఎవరు మెట్టు మీద ఉంటారోనని.

ఈ ఉత్తరం అన్నయ్యకి ఇవ్వు. నువ్వు చదివి చెప్పకు, ఇవ్వు. తిట్టుకుంటే నన్ను తిట్టుకోమను, అలవాటేగా.

మీ మరదలు


డిపో వెనక క్వార్టర్లు.
ఏప్రిల్ 10, శుక్రవారం.

మరదలికి,

నీ ఉత్తరం గురువారం అందింది, ఏప్రిల్ 2. ఆయన భోజనం అయ్యాక ఇచ్చాను. ఖాళీ కడుపుతో చదవకూడదనిపించింది.

కిటికీ దగ్గర నిలబడి చదివారు. తర్వాత కూర్చుని చదివారు. మూడోసారి చదువుతూ మధ్యలో ఆగి, "అది నాన్న భుజం మీద చెయ్యి వేసుకుని కూర్చునేది. నాకు వెనక సీటు, దానికి భుజం. గారాబం అనుకున్నా" అన్నారు. అంతే. చెప్పులేసుకుని వెళ్లిపోయారు. చీకటి పడకముందే వచ్చారు. పడగొట్టిన గోడ ఇటుకలు ఇంకా అక్కడే పోగేసి ఉన్నాయి, వాటి మీద కూర్చున్నారట. పక్కింటావిడ చెప్పింది.

అప్పుడు నేను ఎదురుగా కూర్చుని, ఆయన నా పెదాలు చూసేలా, మెల్లగా చెప్పాను. "గిన్నె మూత పడేసింది నేనే. మేడ మీద వేళ్ల ఆట కూడా చూశాను."

"ఎందుకు చెప్పలేదు?"

"మీరెందుకు చెప్పలేదు?"

"చెప్తే నిజమైపోతుంది కదే" అన్నారు.

వారం రోజులు ఏం నిర్ణయించుకున్నదీ చెప్పలేదు. నిన్న పరీక్షకి నేనూ వెళ్లాను. వరండా బల్ల మీద ఇరవై మంది డ్రైవర్లు, అందరూ పళ్లు తోముకుని పెళ్లిచూపులకి వచ్చినట్టు. పొడుగు కండక్టరు తల దువ్వుకుని తయారు. మీ అన్నయ్య పిలుపు రాగానే లేచి, అతని భుజం పట్టుకుని తన సీట్లో కూర్చోబెట్టారు. "నువ్విక్కడుండు. ఇన్నాళ్లు మోశావు చాలు." అతను నోరు తెరిచి నా వైపు చూశాడు. "వదినగారూ, వేళ్లు ఆడించీ ఆడించీ అరిగిపోయాయండీ, ఇప్పుడా చెప్పడం!" అని, అటు తిరిగి జేబురుమాలు తీశాడు.

తలుపు తెరిచే ఉంది. కుర్చీలో కూర్చుని, డాక్టరు వెనక్కి వెళ్లేలోపే మీ అన్నయ్య అన్నారు, "అంకెలు చెప్పకండి డాక్టరుగారూ. నాకు వినబడవు. ఎన్ని వినబడవో చూడండి."

కుడి చెవి సగం పైన పోయింది. ఎడమది కొంచెం నయం. ఆ గుయ్యి ఇంజనుది కాదు, చెవిదే, అది పోదట. చెవి మిషను పెట్టుకుని మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్షకి రావాలి. అప్పుడు కూడా బస్సు ఇస్తారో ఇవ్వరో చెప్పలేమన్నారు. అప్పటిదాకా స్టీరింగు లేదు. ఛార్జింగు యార్డులో వేశారు. వచ్చిన బస్సుకి తీగ తగిలించడం, నిండాక తీయడం.

ఇంటికి వచ్చాం. గుమ్మంలో చెప్పులు విప్పుతూ, "శిక్షకుడు ఏమన్నాడో తెలుసా? అందరిలోకీ నేను నడిపినప్పుడే బ్యాటరీ తక్కువ ఖర్చయిందట. పాదం మెత్తనట" అన్నారు. అని, ఆ పాదాన్నే చూసుకుంటూ నిలబడ్డారు. నేను లోపలికి వెళ్లి కుళాయి తిప్పాను. ఎందుకు తిప్పానో తెలీదు, కడగాల్సినవి ఏమీ లేవు. ఏడిస్తే ఆయనకెలాగూ వినబడదు కదా.

ఇంకోటి. నా పుస్తకంలో పనుల పేజీకి ఎదురు పేజీ ఉంటుంది, ఇంకా చెల్లించనివి రాసుకుంటాను. అరువు తెచ్చిన జల్లెడ, ఇవ్వాల్సిన ఉత్తరం, అలాంటివి. నిన్న ఒకటి చేర్చాను: "ఈ ఇంటి నుంచి ఆడపడుచుకి, ఒక మాట. ముప్పై అయిదేళ్లుగా."

ఎవరు చెల్లించాలో రాయలేదు. ఆయనకి చూపించాను, అంతే.

మీ వదిన


టైలరింగు షాపు పైన గది.
మే 19, మంగళవారం.

వదినకు,

నీ మొగుణ్ణి క్షేమంగా పంపించాను, చేరే ఉంటాడు. చెప్పాపెట్టకుండా వచ్చాడు. గుమ్మంలో నిలబడితే ఎవరో కోటు కొలతలకి వచ్చారనుకున్నా. చెవికి ఆ చిన్న మిషను. లోపలికి రాగానే మొదటి మాట ఏంటో తెలుసా? "నీ మిషను కీచుమంటోంది, నూనె వెయ్యవే." పదేళ్లుగా నేను వింటూ పట్టించుకోనిది! అడక్కుండానే నూనె డబ్బా తీసుకుని కింద కూర్చున్నాడు. మోటారు, బెల్టు, అన్నీ విప్పాడు. మళ్లీ బిగించేసరికి మధ్యాహ్నమైంది, ఒక మరమేకు మిగిలింది కూడా.

ఇంక అసలు మాట ఎత్తడేంటని నేను ఎదురుచూస్తున్నా. ఎత్తడు. కూరలో ఉప్పు గురించి మాట్లాడాడు. సీలింగు ఫ్యాను గురించి మాట్లాడాడు.

సాయంత్రం ఆ కోటు పెద్దమనిషి వచ్చాడు. కొత్త మనిషిని చూసి ముచ్చట్లు పెట్టాడు. నేను లేచి కోటు తేవడానికి కుంటుతూ వెళ్తుంటే, "పాపం, కాలు పుట్టుకతోనేనా?" అని అన్నయ్యని అడిగాడు. నేను ఎప్పటిలాగే లోపలి నుంచి, "కాదండీ, చిన్నప్పుడు కప్పలా బస్సులోంచి దూకాను" అన్నాను. నోటికి వచ్చేసింది. ముప్పై అయిదేళ్లుగా అదేగా చెప్తున్నా.

"దూకలేదండీ" అన్నాడు అన్నయ్య.

గట్టిగా అన్నాడు. చెవి మిషను కొత్త కదా, తన గొంతు ఎంతో తనకి తెలియట్లేదు. వీధిలోకి వినబడింది.

"మా చెల్లెలు దూకలేదు. మా నాన్నకి చెవులు వినబడక బస్సు కదిపాడు. ఉద్యోగం పోకూడదని ఇది దూకానని చెప్పింది. పన్నెండేళ్ల పిల్ల. నేను నమ్మాను."

ఆ పెద్దమనిషి కోటు వేసుకోవడం మర్చిపోయి చేతిలో పట్టుకుని వెళ్లిపోయాడు. పొట్ట దగ్గర సరిపోయిందో లేదో నాకింకా తెలీదు.

పొద్దున ఊళ్లో బస్సెక్కి స్టాండు దాకా వెళ్లి దింపాను. ఈ ఊళ్లో కూడా అవే బస్సులు వచ్చాయి, పొగ లేనివి. స్టాండు దగ్గర నేను ముందు దిగాలి. మెట్టు మీద నాకు ఇప్పటికీ ఒక క్షణం కాళ్లు రావు, నీకు తెలుసు. ఎడమకాలు కింద పెట్టాను, కుడికాలు పెట్టాను. రెండూ నేల మీద నిలిచాక, వెనక నుంచి నా భుజం మీద తట్టాడు. రెండుసార్లు.

  అన్నయ్య బస్సు వెళ్లిపోయేటప్పుడు మోత లేదు కదా, వెళ్లిందో లేదో చూస్తూ చాలాసేపు అక్కడే నిలబడ్డా.

మీ మరదలు


డిపో వెనక క్వార్టర్లు, రెండో అంతస్తు.
జూన్ 9, మంగళవారం.

మరదలికి,

పనులు: వంట. బట్టలు ఒక విడత. కర్టెన్లు ఉతకలేదు, అవసరం లేదు. కిటికీ గుడ్డ ఒక్కసారి పిండాను. నీళ్లు తెల్లగా వచ్చాయి. నమ్మకం కుదరక బకెట్టుని ఎండలో పెట్టి చూశాను. తెల్లగానే ఉన్నాయి. పని తగ్గినందుకు సంతోషించాలి కదా. ఇరవై ఆరేళ్లు తిట్టుకుంటూ తుడిచాను. ఇప్పుడు ఆ గుడ్డ పట్టుకుని కాసేపు ఊరికే నిలబడ్డాను. ఐదింటికి ఇప్పుడు పిచ్చుకలు లేపుతున్నాయి. వాటికి సమయపాలన లేదు.

ఈ రోజు ఆఖరి డీజిలు బస్సు వెళ్లిపోయింది. అది మీ అన్నయ్యదే. పాతసామాను యార్డుకి తీసుకెళ్లడానికి వేరే డ్రైవరు వచ్చాడు. డిపోలో అందరూ నిలబడ్డారు. పొడుగు కండక్టరు కౌంటరు మూసి వచ్చి, లోపలికెక్కి, తన సీటు తుడిచి దిగాడు. ఎందుకు తుడిచావయ్యా అంటే, "ఖాళీ చేసే ఇల్లు ఊడ్చి ఇవ్వాలి కదండీ" అన్నాడట.

నేను ఇంట్లోనే ఉన్నాను. వెళ్లనన్నాను. పన్నెండూ ఇరవై అయింది. పొయ్యి దగ్గర ఉన్నాను. మలుపులో గుర్రు గుర్రుమంది, రెండుసార్లు. ఆ దగ్గు కూడా. నేనేం ఆలోచించలేదు మరదలా. క్యారియరు అందుకుని మెట్లు దిగాను. స్టాపులోకి వెళ్లాక చూసుకుంటే క్యారియరు ఖాళీ.

మలుపు దాకా నడపనిమ్మని ఆ డ్రైవరుని అడిగారట. జనం లేని ఖాళీ బస్సు కదా, డిపో గేటు నుంచి మలుపు దాకా ఇచ్చాడు. మీ అన్నయ్య స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నారు, చెవికి మిషను. నన్ను చూసి కిటికీలోంచి వంగి, "ఇంత మోత చేస్తుందటే ఇది! మీరందరూ ఎలా భరించారు?" అన్నారు. కళ్లనిండా నీళ్లు, నోటినిండా నవ్వు. "దగ్గుతోంది చూశావా, మూడో సిలిండరు. ఎన్నేళ్లయిందో విని."

ఖాళీ క్యారియరే అందించాను. తీసుకున్నారు. దిగి, ఆ డ్రైవరుకి సీటు ఇచ్చి, బస్సు కనుమరుగయ్యేదాకా ఇద్దరం నిలబడ్డాం. పొగ మా మీదికే వచ్చింది. ఇద్దరం దగ్గాం.

జూలైలో మళ్లీ పరీక్ష. ఇస్తే నడుపుతారు, ఇవ్వకపోతే తీగలు తగిలిస్తారు. కొత్త డ్రైవర్లు పాదం ఎలా వెయ్యాలో అడగడానికి యార్డుకి వస్తున్నారు. "మీరే చెప్పాలి గురువుగారూ" అంటున్నారట, ఆ మాట నాకు రోజుకి రెండుసార్లు చెప్తున్నారు. పేరు మాత్రం ఇక నిన్ను కప్ప అనరట. ఏమనాలో తేల్చుకోలేక ఈ వారమంతా "మా చెల్లి" అంటున్నారు.

రాత పుస్తకం ఇప్పుడే తీశాను. ఎదురు పేజీలో రెండు పద్దులు కొట్టేశాను.

పక్కింటి జల్లెడ: ఇచ్చేశాను.

ఈ ఇంటి నుంచి ఆడపడుచుకి, ఒక మాట, ముప్పై అయిదేళ్లుగా: ఆమె షాపులో, పరాయి మనిషి ముందు, వీధికి వినబడేలా, ఆమె అన్న చేత. చెల్లు.